ఆ తాడు ఎవరి కోసం?

కిందటి వానాకాలంలో దిల్‌సుఖ్‌నగర్ వెనుక గల్లీలో ఒక ఇంటికి వెళ్లాను. తల్లి నాలుగిళ్లలో వంట చేస్తుంది. మానసిక వ్యాధితో ఉన్న ముప్ఫై ఏళ్ల కుమారుని కాలు పాత చీరతో మంచం కోడుకు కట్టి ఉంది. నేను అడగకముందే ఆమె అంది: "ఫాదర్, మెయిన్ రోడ్డెక్కిండంటే బస్సు కింద పడ్తడు. నేను పనికి పోకుంటే ఎట్ల గడుస్తది?"

సెమినరీలో నీతిశాస్త్రం చదివినవాణ్ణి. ఆ రోజు నోట మాట రాలేదు.

ఆత్మరక్షణ గురించి పునీత తోమాసు అక్వినాసు ఒక కొలత చెప్పారు. ఉద్దేశం మంచిదైనా, అవసరానికి మించిన బలం వాడితే ఆ పని తప్పవుతుంది. రోగి ఆవేశంలో కత్తి అందుకోబోతే చేతులు పట్టుకోవడం ప్రేమే. దెబ్బలు తినే ఆస్పత్రి సిబ్బంది కూడా ఒక తల్లి బిడ్డలే కదా! కాని ఆవేశం తగ్గాక కూడా సాయంత్రం దాకా కట్టే ఉంచితే, ఆ తాడు ఎవరి కోసం?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టి ఉన్నందున పారిపోలేక 28 మంది రోగులు కాలిపోయారు. దర్గా అని వేలెత్తి చూపవద్దు, స్వస్థత ప్రార్థన పేరిట మనం కట్టినా అంతే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ గొలుసు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. 97వ సెక్షన్ ప్రకారం రోగిని ఒంటరి గదిలో బంధించకూడదు. తక్షణ ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడే, మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంత సేపే నిర్బంధించవచ్చు. శిక్షగా కూడదు. సిబ్బంది చాలరన్న ఒక్క కారణంతోనూ కూడదు.

ఈ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తాడు చాలాసార్లు అక్కడ లేని ఒక మనిషికి బదులుగా వస్తుంది. వార్డులో ఒక అటెండరు తక్కువ. ఆ ఇంట్లో మధ్యాహ్నం తోడుండే పొరుగువారు లేరు. ఆ తల్లిని తప్పుపట్టే ముందు ఆ లేని మనిషి ఎవరో వెతకాలి. మార్కు సువార్త 5వ అధ్యాయంలో, సంకెళ్లు తెంచుకొని సమాధుల మధ్య తిరిగినవాడు స్వస్థుడై కూర్చుంటే ఊరివారు సంతోషించలేదు, భయపడ్డారు. ప్రభువును తమ ప్రాంతం విడిచి వెళ్లమన్నారు. అతడు కట్టులో ఉంటేనే మనకూ నిశ్చింత, ఒప్పుకుందాం.

ఎల్బీనగర్ నుండి వచ్చే మెట్రో దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎర్రగడ్డకు ఒకే రైలుగా పోతుంది. అక్కడి మానసిక చికిత్సాలయానికి ఆ అబ్బాయిని తీసుకెళ్లాము. మందులు వాడుతున్నాడు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారని తల్లికి చెప్పాను. మన విచారణలోని ఇద్దరు రిటైరైన పెద్దలు మధ్యాహ్నాలు వెళ్లి అతనితో క్యారమ్స్ ఆడుతున్నారు. ఆ చీర ఇంకా మంచం కిందే ఉంది. పోయిన నెల పెద్దలిద్దరికీ జ్వరం వచ్చిన రెండు రోజులూ ఆమె మళ్లీ కట్టిందట.