ఆ కొండ వెనక

తెర మీద కనిపించినంత మాత్రాన ఒక చోటును చూపించినట్టేనా? కొన్నాళ్లుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

సినిమా పనివాళ్లుండే మా కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర పదిమంది నిలబడి ఉంటే, వాళ్లలో ఒకరిద్దరు మామూలు యాత్రికులు కలలో కూడా అనుకోని చోట్లకు వెళ్లొచ్చినవాళ్లు ఉంటారు. బొలీవియాలో ఉయుని అనే ఉప్పు మైదానం ఉంది. సముద్రమట్టానికి దాదాపు 3,650 మీటర్ల ఎత్తున, పదివేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న తెల్లటి ఉప్పు. 2016లో వచ్చిన ‘సరైనోడు’లో ఒక పాట అక్కడిదే. ‘గౌతమిపుత్ర శాతకర్ణి’ కోసం మనవాళ్లు మొరాకో ఎడారికీ జార్జియా కొండలకూ వెళ్లారు. వెళ్లలేనివాళ్లకు సినిమా ప్రపంచాన్ని చూపిస్తుందని మావాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్లో పనిచేస్తూ నేనూ చాలాకాలం అదే చెప్పాను. ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు.

‘రోబో’లో కిలిమంజారో అంటూ ఆడిపాడింది పెరూలోని మాచుపిచ్చులో. పేరు ఆఫ్రికా కొండది, కనిపించేది దక్షిణ అమెరికాలో పదిహేనో శతాబ్దం నాటి రాతినగరం. ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ సంగతి ఇంకా గట్టిగా గుచ్చుకుంటుంది. 2021 ఆగస్టులో ఆ పాట తీసింది ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు. కథలో మాత్రం అది తెల్లదొరల కాలం నాటి ఢిల్లీ. 2022 ఫిబ్రవరి 24న అక్కడ యుద్ధం మొదలైంది, మార్చి 25న సినిమా విడుదలైంది. మేమందరం హాల్లో ఈలలు వేస్తున్నప్పుడు ఆ గోడలున్న నగరం నెలరోజులుగా యుద్ధంలో ఉంది. ఆ రోజు నా పక్క సీట్లలో ఉన్నవాళ్లకు తాము చూస్తున్నది ఏ ఊరో తెలియదు. అదే ఊరు రాత్రి వార్తల్లో వచ్చినా గుర్తుపట్టే దారి లేదు. ఒక ఊరిని అంత అందంగా చూపించి, అది ఏ ఊరో తెలియకుండా చేయడాన్ని చూపించడం అనొచ్చా?

కథకు అది అవసరమని నాకు తెలుసు. ఒక చోటును మరో చోటని నమ్మించకపోతే సినిమానే లేదు. ‘పుష్ప’ కథ జరిగేది శేషాచలంలో, అడవి మాత్రం చాలావరకు మారేడుమిల్లిది. దాన్ని తప్పుపట్టలేను. అయినా మనసు ఒప్పుకోదు. పేరు చెప్పకుండా ముఖం వాడుకున్నట్టే ఉంటుంది.

ఇలా వాదిస్తుంటే మా వీధిలో కాస్ట్యూమ్స్‌లో పనిచేసే ఒకాయన నా వాదాన్ని ఒక్క సాయంత్రంలో పాడుచేశాడు. ఆయన ఒక చారిత్రక సినిమాకు జార్జియా వెళ్లొచ్చాడు. ఏ ఊరని అడిగితే గుర్తులేదన్నాడు. మంచుకొండ ఎదురుగా ఉంటుందట, ఇంకో కొండ మీద రాతి చర్చి ఉంటుందట. కజ్‌బెక్ కొండ, గెర్గెటి చర్చి అయి ఉంటాయని నేనన్నాను. ఏమో, అవేనేమో అన్నాడు. సైనికుల పంచెలూ దట్టీలూ రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి అప్పడాల్లా బిగుసుకుపోయేవట. ఉదయం ఆరింటికి కాల్‌షీట్. పక్కింటి ముసలమ్మ అది చూసి, ఒక్క మాట కూడా అర్థం కాని మనిషిని చెయ్యిపట్టి లోపలికి లాక్కెళ్లి, తన కట్టెల పొయ్యి చుట్టూ తాళ్లు కట్టించిందట. షెడ్యూల్ అయ్యేదాకా మన సైన్యం బట్టలన్నీ ఆమె ఇంట్లోనే ఆరాయి. ఏ గాలికి మబ్బు పడుతుందో, ఏ పూట ఎండ ఎన్నింటికి గోడ దిగుతుందో ఆయన ఇప్పటికీ చెబుతాడు. ఊరి పేరు తెలియదు. ఆయనకది ముసలమ్మగారి ఊరు.

ఇంతకంటే బాగా ఒక చోటును చూసినవాళ్లు నాకు తెలియదు. అలాంటప్పుడు పేరు పోయిందని నేను పడే బాధకు అర్థమేమిటి? కజ్‌బెక్ అని నేను గబుక్కున చెప్పగలను. నేను అక్కడికి వెళ్లలేదు.

మరి నన్ను తొలిచేది ఏమిటో వెతుక్కుంటే మారేడుమిల్లి దగ్గర తేలింది. లొకేషన్ల కోసం మేం నలుగురం అక్కడికి రెక్కీకి వెళ్లాం. దర్శకుడు అడిగింది ఒక్కటే: ఇంతవరకూ ఎవరూ చూడని చోటు కావాలి. కొత్త సినిమా మొదలైన ప్రతిసారీ ఈ మాట వింటాం. చూసేసిన చోటు ఎంగిలి అయినట్టు, కన్ను పడనిదే అందమైనట్టు. రోడ్డు మీద బొంగు చికెన్ దుకాణాలు దాటి, గుడిసె అనే కొండ వైపు ఎక్కే దారిలో బండి ఆపి, ఒక కొండరెడ్ల ఊళ్లోకి నడిచాం. చింతచెట్టు కింద ఒక పెద్దాయన జీలుగు కల్లు వంపుకుంటున్నాడు. మాకూ పోశాడు.

“ఏం ఎతుకుతున్నారు బాబూ?” అన్నాడు.

“ఎవరూ చూడని చోటు ఏదైనా ఉందా తాతా?” అన్నాను. నవ్వుతాడనుకున్నాను. మేం రోజూ చూసేదేగా అంటాడని, దానికి సర్దిచెప్పే మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన నవ్వలేదు. చాలాసేపు ఆలోచించాడు. లేచి మమ్మల్ని పోడు చేను దాటించి, ఒక బండ మీదికి తీసుకెళ్లాడు. ఎదురుగా కొండ, దాని వెనక ఇంకో కొండ భుజం మాత్రం కనిపిస్తోంది.

“అదుగో, దాని ఎనకాల. అటు ఎవరూ ఎళ్లలేదు.”

“ఎంతసేపు నడవాలి?”

“నడవకూడదు. మేమూ ఎళ్లం.”

దేవత ఉందా అని మా కెమెరామన్ అడిగాడు. లేదన్నాడు. దెయ్యమా, పులులా, పాత పగలేమైనా ఉన్నాయా? ఏదీ కాదు. తాతలు వెళ్లలేదు, మేం వెళ్లం, అంతే. కథ ఏదైనా చెప్పి ఉంటే దాన్ని రాసుకునేవాణ్ణి, నిద్రపట్టేది. కొత్త మామిడికాయను పండగ చేయకుండా నోట పెట్టని మనుషులు వాళ్లు. తినే వస్తువునే ఒక రోజు దాకా ఆపుకోగలిగినవాళ్లు ఒక కొండను ఎప్పటికీ ఆపుకోగలరని అప్పుడు తట్టలేదు. డ్రోన్ ఉందని మాలో ఒకరు మెల్లగా అన్నారు. ఎవరూ జవాబివ్వలేదు. కిందికి దిగి వచ్చేశాం.

మనసారా చూడాలంటే వెళ్లాలని, ఎన్ని చోట్లు చూస్తే అంత మనిషవుతామని చిన్నప్పటినుంచీ వింటున్నదే. ఆ బండ మీద అది నాకు మొదటిసారి దబాయింపులా వినిపించింది. ప్రతి కొండా మనకు కనబడి తీరాలని ఎవరన్నారు? చూడకుండా ఉంచడం కూడా ఒక చోటుతో బతికే పద్ధతేమో. బహుశా మనం ఒక చోటుకు ఇవ్వగలిగిన పెద్ద మర్యాద అదేనేమో. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. కొన్నాళ్లు దాన్నే పట్టుకుని తిరిగాను, కనబడినవాళ్లకల్లా చెప్పాను.

అలా చెబుతూ ఒకరోజు జూనియర్ ఆర్టిస్టుగా చేసే అక్క దగ్గర ఆగిపోయాను. ఆమె రామోజీ ఫిల్మ్‌సిటీలోని ఎయిర్‌పోర్ట్ సెట్‌లో ఎన్నిసార్లు సూట్‌కేసు లాగిందో ఆమెకే లెక్క లేదు. లండన్ వెళ్లే ప్రయాణికురాలు, దుబాయ్ నుంచి దిగే తల్లి, అమెరికా కొడుక్కి వీడ్కోలిచ్చే పెద్దమ్మ. విమానం ఎక్కలేదు. విదేశీ షెడ్యూల్‌కు యూనిట్‌లోంచి కొద్దిమందే వెళ్తారు, గుంపులో నిలబడేవాళ్లను అక్కడే మాట్లాడుకుంటారు. తెల్లవారకముందే వచ్చే బండి కోసం చౌరస్తాలో నిలబడి, చీకటి పడ్డాక ఇంటికి చేరే మనిషికి, చూడకపోవడంలో గొప్పతనం ఉందని నేను చెబుతున్నాను! ఆ పెద్దాయన వెళ్లగలిగీ వెళ్లలేదు. ఈమె వెళ్లలేక వెళ్లలేదు. రెండూ ఒకటేనని నోరు తెరిచి ఎలా అనగలను?

అయినా కొండ సంగతి మొత్తం చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

“ఆయన మంచోడు తమ్ముడూ. లేదని అబద్ధం చెప్పి పంపొచ్చు కదా. ఉందని చెప్పాడు.”

“అవునక్కా.”

“నేనైతే వెళ్లి చూసేదాన్ని. నాకు మా తాతలెవరూ వెళ్లొద్దని చెప్పలేదు కదా. డబ్బుల్లేవని మాత్రం చెప్పారు.”

ఆమె మాటకు అడ్డు చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమె పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటానంటే ఫారం నేనే నింపాను. ఉయుని చూడాలట, ఆ పాట ఆమెకు ఇష్టం. పోలీసు వెరిఫికేషన్‌కు అద్దె కాగితం కావాలంటే ఇంటి ఓనర్‌తో మాట్లాడాను. ఆమె వెళ్లాలనే కోరుకుంటున్నాను. ఆమె ఆ కొండ వెనక్కి వెళ్లాలన్నా కాదనలేనేమో. ఆ పెద్దాయన ముందు మాత్రం ఈ మాట అనలేను. ఇద్దరిలో ఎవరి పక్షమని గట్టిగా అడిగితే నా దగ్గర జవాబు లేదు.