కల్యాణపు మంటపము – ఆర్మూరు పటము



ఆర్మూరు వారికి ముందుచూపు క్రొత్త కాదు. తొలకరికి విత్తిన పసుపును త్రవ్వుటకు సంక్రాంతి దాటవలెను; ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టించి అమ్మునప్పటికి వేసవి వచ్చును. ఆ పంటలోనే మేలైన దుంపలను వచ్చే యేటి విత్తనమునకై విడిగా దాచుదుము. పొలము విషయమున ఇంత దూరము చూచు మనము, ఇరువది యేండ్ల తరువాత పట్టణమెట్లుండవలెనన్న ప్రశ్న వచ్చినచో మాత్రము అది ఆఫీసువారి పనియని ఊరకుందుము.

పొరుగున కామారెడ్డిలో జరిగినది మరువరాదు. పట్టణపు మాస్టర్ ప్లాను ముసాయిదాలో తమ సాగుభూములు పారిశ్రామిక మండలము క్రిందికి, రోడ్ల క్రిందికి పోవుచున్నవని చుట్టుప్రక్కల గ్రామముల రైతులు 2022 చివర నుండి 2023 జనవరి వరకు ఉద్యమించిరి. ఆ దినములలోనే ఒక రైతు ఆత్మహత్య చేసికొనెను. 2023 జనవరి 20న పురపాలక సంఘమే ఆ ముసాయిదాను రద్దు చేయవలెనని తీర్మానించెను. అభ్యంతరములు కోరుట చట్టములో కలదు, నిజమే. కాని అది పటము గీసిన తరువాతి మాట. గీయకముందే ఆ రైతులను పిలిచి కూర్చుండబెట్టినచో ఏమి పోయెడిది?

బీదరు సీమలోని కల్యాణమున, పండ్రెండవ శతాబ్దమున వెలసిన అనుభవ మంటపమును స్మరింపుడు. శూన్యపీఠమున అల్లమప్రభువు. రాజ్యపు బొక్కసము చూచు బసవన్నయు అచట సభ్యుడే. ఆయనతోపాటు చాకలి మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, తోలుపని చేయు డోహర కక్కయ్య. ఆయ్దక్కి లక్కమ్మ కథ మీరెరిగినదే. నేల రాలిన బియ్యమేరి దాసోహము జరుపు భర్త మారయ్య ఒకనాడు ఎక్కువ తేగా, అవసరమునకు మించినది మనకేల, అచటనే పోసి రమ్మని ఆమె త్రిప్పి పంపినది. ఎంత చాలునో ఆ ఇల్లాలికి తెలిసినంతగా ఏ బొక్కసమునకు తెలియును? పట్టణ ప్రణాళికకును మూలమీ ప్రశ్నయే. రోడ్డుకెంత వెడల్పు చాలును, చెరువుకెంత చోటు విడువవలెను, మార్కెట్టులో ఎంత నీడ కావలెను?

మన జిల్లాలో ఊరివారు కూడి నిర్ణయించుకొనుట లేకపోలేదు. గ్రామాభివృద్ధి కమిటీలు గుడులు, బడులు, బాటలు బాగుచేసిన ఊళ్లు కలవు. కాని వానిలో కొన్ని, మాట వినని కుటుంబములకు జరిమానాలు వేసి, సాంఘిక బహిష్కారము చేసి, పోలీసు కేసుల వరకు పోయినవి. అట్టి కూటమిని అనుభవ మంటపమని యెట్లందుము? కాదనువానికి చోటు లేని సభ సభ కాదు. అందు మనవారు కూర్చున్నచోట ఆ పాపములో మనకును పాలు కలదు. ఇది కటువుగా తోచిన మన్నింపుడు.

పట్టణములకు 2019 తెలంగాణ పురపాలక చట్టము ఒక ద్వారము తెరచినది. ప్రతి వార్డుకు యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు. ఒక్కొక్కదానిలో 15 మంది. మన వార్డులో ఆ 60 మంది ఎవరో చెప్పగలవారెందరు? ఉపాధ్యాయుడనైన నాకే మొన్నటివరకు తెలియదు.

గత యేడు తొమ్మిదవ తరగతి పిల్లలను, తమకు నలువది యేండ్లు వచ్చునాటి ఆర్మూరును గీయుమంటిని. పెక్కుమంది రెండు జాతీయ రహదారులు కలియుచోట వంతెనపై వంతెన గీసిరి. పసుపు కూలికి పోవు తల్లి బిడ్డ ఒకతె మాత్రము కల్లము ప్రక్కన చెట్టు, కుళాయి, ఆడవారికి మరుగుదొడ్డి గీసినది. ఇంత చిన్నవా యని ప్రక్కవారు నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

మఠముల పెద్దలకు నా విన్నపమొకటే. వార్డు సభలకు సాయంకాలము మఠపు మంటపమును ఇండు. పటమును గోడకు అంటించి, సర్వే నంబర్లతో సహా తెలుగున చదివి వినిపింపుడు. కుర్చీలు వలదు, చాపలు చాలును. పారిశుద్ధ్య కార్మికులను, కూలి స్త్రీలను ముందు మాట్లాడనిండు. వ్యాపారులు, నావంటి ఉపాధ్యాయులు చివర మాట్లాడుదురు గాక. బసవ జయంతి నాటికి మొదలిడుట మేలు. పసుపు ఉడికించు దినములలో సభ పెట్టినచో, రావలసినవారు కల్లముల వద్దనే యుందురు.