కాపరి ఆకలి

పెండ్లివారింట ప్రొద్దుటినుండి గాడిపొయ్యి ముందు నిలిచి వందలమందికి వండి వార్చిన వంటవానికి, పంక్తులన్నియు లేచిన పిదప తాను విస్తరి ముందు కూర్చుండునప్పటికి ఆకలి చచ్చిపోవుట మనమెఱిగినదే. పొగయు, వాసనయు, ఉప్పు చూచుటకై నాలుకపై వేసికొన్న మెతుకులును కలిసి, తినకుండగనే తిన్నట్టి భ్రాంతిని కలిగించును. దైవవాక్యమును నిత్యము ఇతరులకు వడ్డించు సంఘకాపరికి పొంచియున్న ఆత్మీయ ప్రమాదము ఇట్టిదే.

ధనాపేక్ష, కీర్తికాంక్ష, అధికారమదము కాపరులను పడగొట్టిన ఉదంతములు సంఘచరిత్రలో కొల్లలుగా కలవు. అయితే ఆ పతనములు పదిమంది కంటబడును. కంటబడినదానికి మందలింపు కలదు, దిద్దుబాటు కలదు. నేను చెప్పు క్షయము అట్టిది కాదు. ప్రసంగము చక్కగా సాగును, ప్రార్థన ధారాళముగా వచ్చును, దుఃఖితుల యింట తగిన వచనము సమయమునకు నోటికి అందును, సంఘస్థులు “అయ్యగారు ఈవేళ బాగా చెప్పినారు” అనుకొనుచు ఇండ్లకు పోవుదురు. చెప్పినవానికి మాత్రము చెప్పినది తగులదు. ఒక వృద్ధబోధకుని బైబిలును నేనొకప్పుడు తిరుగవేయగా, ఎఱ్ఱ పెన్సిలు గీత లేని పుట అరుదుగా కనబడెను. ప్రతి గీత ప్రక్కను ‘ఈస్టరు’, ‘పెండ్లి’, ‘భూస్థాపన’, ‘స్త్రీల కూటము’, ‘కోతపండుగ’ అని చిన్న అక్షరములతో వ్రాసికొనియుండెను. ఎంతటి శ్రద్ధ! అయినను, ఏ సందర్భమునకును గాక కేవలము తనకొఱకు గీచికొన్న గీత యొక్కటైన ఉండునా యని వెదకితిని. కీర్తనల గ్రంథములో ఒకచోట, ప్రక్కన ఏమియు వ్రాయని గీత కనబడినది. దానిని చూచినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంత యని చెప్పజాలను.

అపొస్తలుడైన పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను మిలేతునకు పిలిపించి కడసారి హితవు చెప్పునప్పుడు, మంద సంగతికంటె ముందు వారి సంగతి వారినే చూచికొమ్మనెను. ఈ వరుసను కాలక్రమముగా గ్రహించి, ముందు నేను పరిపూర్ణుడనై పిమ్మట పరులను నడిపింతునని కూర్చుండువారు కలరు. అట్లయిన ఈ లోకమున ఒక్క మందకైన కాపరి దొరకడు. మఱి కొందఱు దీనిని కాలవిభజనముగా భావించి, తెల్లవాఱుజామున ఒక గంట తమ ఆత్మకును, తక్కిన దినమంతయు సంఘమునకును పంచియిత్తురు. తెల్లవాఱుజామున మోకరించుట మేలే, నేను కాదనను. కాని ఆ గంటలో ఎదిగి తక్కిన గంటలలో తఱుగుచుండు జీవితమునకు లెక్క కుదురుట కష్టము.

ఈ చిక్కును ఎఱిగిన యొక కాపరిని చూతము. రోమునగర పాలనాధికారిగా నుండి, ఆ వైభవమును త్యజించి, పిత్రార్జితమైన గృహమునే మఠముగా మార్చి అందు సన్యాసియైన గ్రెగొరీ, మహామారి ఆ నగరమును పీడించుచుండిన 590వ సంవత్సరమున, వలదు వలదనుచుండగనే పోపు పీఠమున కూర్చుండవలసి వచ్చెను. ఆ భారమునుండి తప్పించుకొనజూచినందుకు రావెన్నా బిషప్పగు జాను మందలింపగా, దానికి సమాధానముగా కాపరి ధర్మమును గూర్చి ఆయన ఒక గ్రంథము వ్రాసెను. ఎట్టివాడు ఈ పనికి రావలెను, వచ్చినవాడు ఎట్లు జీవింపవలెను, ఎట్లు బోధింపవలెను అను మొదటి మూడు భాగములలో మూడవది మిక్కిలి దీర్ఘము. ధనికులకు ఒక తీరున, దరిద్రులకు ఒక తీరున, మాటకారులకును మౌనులకును, ఆరోగ్యవంతులకును రోగులకును వేర్వేఱుగా ఎట్లు చెప్పవలెనో అందు ఓపికతో వివరించెను. నాలుగవ భాగము ఒక్కటే అధ్యాయము. ఇదంతయు చక్కగా నెఱవేర్చినవాడు, ఆ చక్కదనమువలననే గర్వింపకుండునట్లు తనలోనికి తాను మరలి తన లోపములను తలచుకొనవలెనని అందలి సారము. బోధనకు అన్ని పుటలు, ఆత్మపరీక్షకు ఇన్ని పంక్తులా యని ఆక్షేపింపవచ్చును. నాకు మాత్రము, ఇతరులు నేర్పజాలని దానిని గూర్చి ఆయన ఎక్కువ చెప్పక మానెనని తోచును. గ్రంథాంతమున, తాను కురూపియైన చిత్రకారుడై సుందరపురుషుని చిత్రించితినని ఒప్పుకొని, తన్ను మందలించిన ఆ జానునే తనకొఱకు ప్రార్థింపుమని వేడుకొనెను. పోపంతటివాడు మఱియొకని ప్రార్థనను ఊతగా కోరుట లోకమర్యాద కొఱకైన మాట కాదు. ఆ గ్రంథమంతయు వచ్చి నిలిచిన చోటు అదియే.

కాపరికిని ఇతరుల ఊత కావలెనను ఈ సత్యము 17వ శతాబ్దమున ఇంగ్లండులోని కిడ్డర్‌మినిస్టరు అను నేతపనివారి పట్టణమున మఱియొక రీతిగా బయలుపడెను. అచటి కాపరి రిచర్డ్ బాక్స్టరు జీవితాంతము వ్యాధిగ్రస్తుడు. 1655 డిసెంబరులో ఊస్టరునగరమున బోధకుల ఉపవాసకూటమునకై సిద్ధపఱచిన ప్రసంగమును అనారోగ్యముచే చేయలేక, మఱుసటియేడు దానినే పెంచి గ్రంథముగా ప్రకటించెను. సోమ మంగళవారములు ఉదయమునుండి చీకటిపడు వేళవఱకు, వంతులవారీగా ఒక్కొక్క కుటుంబముతో కూర్చుండి, విశ్వాసమూలములను ప్రశ్నించి బోధించుచు, ఏడాదిలో సుమారు 800 కుటుంబములను చుట్టివచ్చుట ఆయన నియమము. అప్పుడాయనకు తెలిసినదేమనగా, పదేండ్లు ప్రసంగములు విని ఏమియు ఎఱుగనివారు కొందఱు, అరగంట ఎదురెదురుగా కూర్చుండి మాటాడినంతనే గ్రహించిరని! ఈ మాట వ్రాయుటకు బోధకునికి ధైర్యము కావలెను. పదేండ్ల వాగ్ధాటి చెవులవఱకే పోయి ఆగినదని తెలిసికొనుట ఎంతటి ఉపవాసదినమునకైన తీసిపోని ఆత్మశోధనము. ఆ శోధనము గదిలో ఒంటరిగా కూర్చున్నవానికి దొరకలేదు, మగ్గము దిగి వచ్చిన మనిషి ముఖమును ఎదుట చూచినవానికి దొరకినది.

మన తెలుగు సీమకు వత్తును. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయగం సామ్యూల్ అజరయ్య, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పలుచోట్ల ఉపన్యసించి పేరు తెచ్చుకొన్న పిమ్మట, 1909లో నైజాము రాజ్యమందలి డోర్నకల్లునకు వచ్చెను. అంతవఱకు వేదికలమీద ఆంగ్లమున అనర్గళముగా మాటాడినవాడు, నడివయస్సు సమీపించుచుండగా తెలుగు గుణింతములు దిద్దవలసివచ్చెను. 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పయిన మొదటి భారతీయుడాయన. ఆ గౌరవమును గూర్చి అందఱు చెప్పుదురు గాని, ఆయన పల్లెలలో అలవఱచిన ఒక ఆచారము నన్ను ఎక్కువగా ఆకర్షించినది. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తలపై చేయి పెట్టుకొని, ఇకమీదట తామును సువార్తను ప్రకటింతుమని ప్రమాణము చేయవలెను. చేయువారెవరు? అత్యధికులు అక్షరము ముక్క రాని మాల మాదిగ కూలీలు. నిన్నటివఱకు ఊరిబావి దగ్గఱకు రానీయబడని ఆ మనుష్యుల నోట దేవుని మాట పలుకవలెనని కోరిన కాపరి, తెలిసియో తెలియకయో, తాను వినవలసినవారిని గూడ సిద్ధపఱచుకొనెను. కాపరి తన ఎదుగుదలకు మంద అడ్డమని తలచినంతకాలము ఎండుచునే యుండును. ఆ మందలో తానొక గొఱ్ఱెననియు, తనకును మేత అచటనే కలదనియు ఎఱిగినప్పుడు పచ్చబడును.

ఈ కాలపు సంఘములలో ఏటేట సమర్పించు నివేదికయందు బాప్తిస్మములెన్ని, వివాహములెన్ని, కానుకలెంత, మందిరపు మరమ్మతుల ఖర్చెంత యను పట్టికలు కలవు. పాస్టరుగారు ఎవరియొద్ద ఏమి విని తెలిసికొనిరను గడి లేదు, ఉండవలెనని నేను కోరను. కోరునది ఒకటే: నెలకొక ఆదివారమైన సంఘపెద్దలలో ఒకరో, ముప్పదియేండ్లు మంత్రసానిగా ప్రసవములు చేసిన ఏ ముసలితల్లియో వాక్యము చెప్పగా, అయ్యగారు నోటుపుస్తకము తేకుండ చాపమీద అందఱితో కూర్చుండి వినవలెను. “జీతమిచ్చి పెట్టుకొన్నది చాపమీద కూర్చుండబెట్టుటకా?” అని తప్పక ఒక పెద్ద అడుగును. మొదటి ఆదివారపు ప్రసంగమును ఆయనకే అప్పగించుట మంచిదని నా తలంపు.