మంచికాలము ఎవరికి మంచిది?

పెండ్లిపందిరిలోనైనను, మఠప్రాంగణములోనైనను నలుగురు వృద్ధులు ఒకచోట కూర్చున్నచో సంభాషణము కొంతసేపటికి ఒకే త్రోవను పట్టును. "ఆ రోజులే వేరు" అని ఒకరు మొదలిడుదురు. నాటి నేతి రుచి, నాటి మాటనిలుకడ, నాటి వానలు, నాటి పెద్దచిన్న తారతమ్యము ఒక్కొక్కటిగా ప్రస్తావనకు వచ్చును. తుదకు ఒక నిట్టూర్పు. "మంచికాలము ముగియుచున్నది" అను తీర్పు. ప్రక్కన కూర్చున్న యువకుడు ఆ తీర్పు విని తనలో నవ్వుకొనును, లేదా చేతిలోని ఫోనువైపు చూపు మరల్చును. ఆ నిట్టూర్పును, ఈ నవ్వును రెండును తొందరపాటులే. గడచిన కాలమును గూర్చిన బెంగ విచారణకు తగిన విషయము. దానిని ముసలితనపు చాదస్తమని త్రోసివేయరాదు. తిరుగులేని తీర్పని తలదాల్చనూ రాదు.

ఈ నిట్టూర్పు నేడు పుట్టినది కాదు. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించినపుడు, ఆచారము కూలిపోయినదని తలలు పట్టుకొన్నవారు అనేకులు. 1929లో బాల్యవివాహ నిరోధమునకై శారదా చట్టము వచ్చినపుడును లోకము చెడినదని వాపోయినవారు కలరు. వారందరు కపటులని చెప్పుటకు వీలులేదు. వారెరిగిన లోకము నిజముగనే ముగియుచుండెను. కాని ఆ లోకము ఎనిమిదేండ్ల వితంతువునకు ఎట్లుండెనో వారి లెక్కలోనికి రాలేదు. కావున ఒక కాలమును గూర్చి తీర్పు చెప్పువాడు ఏ మెట్టుపై నిలిచి చూచుచున్నాడు అనునది మొదట అడుగవలసిన ప్రశ్న. ఈ "మెట్టు" అను మాటను అలంకారముగా కాక అక్షరార్థముగనే గ్రహించి, అందరెరిగిన ఒక దృష్టాంతమును పరిశీలింపవచ్చును.

రాయలసీమలోను, తెలంగాణమునందును, పొరుగు కన్నడసీమలోను మెట్టపల్లెలకు ఒకప్పుడు దిగుడుబావి ప్రాణాధారము. దాని రాతిమెట్లు, గోడల సందులలో గూళ్లు కట్టుకొన్న పావురములు, వేసవి మధ్యాహ్నమున అడుగుమెట్టు మీది చల్లదనము, నడుమునకు మునగబెండ్లు కట్టుకొని ఈత నేర్చు పిల్లల కేరింతలు — పల్లెలో పుట్టినవారి జ్ఞాపకములలో వీనికున్న చోటు పెద్దది. నేడు పెక్కు గ్రామములలో అది చెత్తతో పూడి, లోపల తుమ్మమొక్కలు మొలచి, పేరునకు మాత్రమే బావియై మిగిలినది. పోయిన మంచికాలమునకు ఇంతకంటె స్పష్టమైన గుర్తు మరొకటి లేదనిపించును.

అట్టి బావిగట్టు చెంతకు ముగ్గురు వృద్ధులు వచ్చిరనుకొందము. ఒకరు రైతు, ఒకరు ఆ ఊరికి కోడలై వచ్చి ముసలిదైన అమ్మ, మూడవవారు ఊరి చివరి వాడలో పుట్టి పెరిగిన కూలీ.

రైతు మొదట మాటాడును. "ఇంత చల్లని నీరు ఇక ఎక్కడిది? వేసవి రాగానే ఇంటికొక మనిషి వచ్చి పూడిక తీసేవాళ్లము. పిలువవలసిన పనియే లేదు. నీరు ఎన్ని మెట్లు దిగినదో పిల్లవానికి కూడ తెలుసు. ఇప్పుడు ఎవని బోరు వానిది. నీరు ఎంత లోతున ఉన్నదో భూదేవికే తెలియవలె."

అమ్మ నవ్వును. "అన్నా, నీవు ఈతకు దిగితివి, నేను బిందెతో దిగితిని. తెల్లవారక ముందే నాలుగుసార్లు దిగి ఎక్కవలెను. కడుపుతో ఉన్న నెలలలోను అంతే, బాలింతనైన మరునెలలోను అంతే. ఇంటికి కొళాయి వచ్చిననాడు దానికి పసుపు కుంకుమ పెట్టితిని." కొంతసేపు ఊరకుండి మరల అనును: "కాని ఒకటి చెప్పవలె. అత్తగారి చెవిని పడకుండ నా కష్టము మరొక ఆడుదానితో చెప్పుకొన్నది ఈ మెట్ల మీదనే. కొళాయి నీళ్లు తెచ్చినది గాని, ఆ మాట తేలేదు."

మూడవవాడు మాటాడడు. రైతే అడుగును: "నీవేమీ చెప్పవేమి?" అతడు మెల్లగా అనును: "ఈ బావి అందము నేనేమి చెప్పుదును? గట్టుమీద కుండ పెట్టి, ఎవరికి దయ కలిగి పోయుదురా యని ఎదురుచూచిన గట్టు ఒకటే నేనెరుగుదును. లోపలి మెట్లు ఈనాడే చూచుచున్నాను. చూచునాటికి నీరు లేదు."

ఈ ముగ్గురిలో అబద్ధము చెప్పినవారెవరు? ఎవరును లేరు. ముగ్గురి జ్ఞాపకమును సత్యమే. కాని ఒక్కరి జ్ఞాపకమును మాత్రమే తీసికొని "ఆ కాలము ఇట్టిది" అని చాటినచో అది అసత్యమగును. జ్ఞాపకము దొంగసాక్షి కాదు. ఒక మెట్టు మీదనుండి మాత్రమే చూచిన సాక్షి. చిక్కు ఎక్కడ వచ్చుననగా, కథ చెప్పు వసతియు, వినిపించు అధికారమును సాధారణముగా మొదటివానికే కలిగియుండును. అందుచేత అతని బాల్యమే ఊరి బాల్యమై, అతని మంచికాలమే అందరి మంచికాలమై చెలామణి యగును.

ఆ నీటిని గూర్చి మరొక మాట కలదు. నారిపురుగు అను పేరు నేటి పిల్లలకు తెలియదు. తెలియకపోవుటయే ఒక మహాభాగ్యము. నీటిలోని కంటికానని జలకీటకముతో కూడ దాని పిల్ల మనుష్యుని కడుపులో చేరును. సుమారు ఒక సంవత్సరమునకు మూరన్నర, రెండు మూరల పొడవున ఎదిగి, సాధారణముగా కాలి చర్మమును చీల్చుకొని బయటికి వచ్చును. మంట తాళలేక రోగి ఆ కాలిని నీటిలో పెట్టినంతనే వేలకొలది పిల్లలు ఆ నీటిలో కలియును. ఆ నీరు త్రాగినవారికి మరుసటి సంవత్సరము అదే బాధ. దానికి మందు లేదు. పురుగును పుల్లకు చుట్టి దినమునకు కొంచెము కొంచెముగా లాగుటయే చికిత్స. విత్తనపు వేళ రోగి వారములకొలది మంచమునంటి యుండును.

ఈ వ్యాధికి ముఖ్యమైన ఆటపట్టు దిగుడుబావియే. ఏలయన అందు మనుష్యుడు కాలు తడుపుకొని నీరు ముంచుకొనును. ఇచట ఒక కఠినసత్యము దాగియున్నది. మైల యని ఎవరిని గట్టుమీద నిలిపిరో వారి పాదము ఆ నీటిని తాకనే లేదు. తాకి చెరచినవి తాకుటకు అర్హత గలవని లోకము ఒప్పుకొన్న పాదములే. ఆ నీరే పైనుండి ధారగా పడి, గట్టుమీది కుండలోనికి వ్యాధిని చేర్చినది. పురుగునకు కులభేదము తెలియలేదు. బావికి మాత్రము తెలిసినది.

1980ల మొదట దేశమంతట ప్రారంభమైన నిర్మూలన కార్యక్రమము మెట్లబావులను చేదబావులుగా మార్చినది, చేతిపంపులు వేయించినది, నీటిని గుడ్డతో వడగట్టుట నేర్పినది. 1996లో భారతదేశమున చివరి రోగి కనిపించెను. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దేశము నారిపురుగు లేనిదని ధ్రువీకరించెను. కొన్ని ఊళ్లలో బావి మెట్లు మూతపడుటకు ఇదియు ఒక కారణము. దేనిని చూచి కొందరు మంచికాలము ముగిసినదని నిట్టూర్చుచున్నారో అది వేలాదిమందికి బాధ ముగిసిన గుర్తు కూడ.

లెక్కలును ఇదే చెప్పుచున్నవి. 1951లో భారతీయుని సగటు ఆయుర్దాయము సుమారు 32 సంవత్సరములు. నేడది 70కి చేరువలో నున్నది. 1971లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది తొలి పుట్టినరోజు చూడకయే కన్నుమూసిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గినది. 1951లో చదువు వచ్చిన స్త్రీలు నూటికి తొమ్మండుగురైనను లేరు. 2011 జనాభా లెక్కలలో వారు సుమారు 65 మంది. 1966లో దేశము కోటి టన్నులకు పైగా ధాన్యమును విదేశముల నుండి తెచ్చుకొని ఆకలి తీర్చుకొన్నది. ఆ దశకములను తలచుకొని కంట తడిపెట్టు మనుష్యుడు వీనిని మరచుటకు కారణము లేకపోలేదు. అతడు తలచుకొనునది దేశకాలమును కాదు, తన యౌవనమును. తల్లి బ్రదికియున్న ఇంటిని, నొప్పిలేని మోకాళ్లను, ఇంకను చెప్పబడని తీర్పులను అతడు తలచుకొనుచున్నాడు. ఆ దుఃఖము గౌరవింపదగినది. కాని అది అతని దుఃఖము. కాలమునకు వ్రాసిన తీర్పు కాదు.

అట్లయినచో నవ్విన యువకునిదే గెలుపా? కాదు. రైతు మాటలో సగము సత్యము ఇంకను మిగిలియున్నది. బావి కనిపించు నీటిని ఇచ్చినది. బోరు కనిపించని నీటిని తోడుచున్నది. నీరు ఎన్ని మెట్లు దిగినదో ఊరందరు చూచినపుడు, ఎంత తోడవలెనో, ఎపుడు ఆపవలెనో ఊరందరికి తెలిసినది. నేడు ప్రపంచములో అన్ని దేశములకంటె మిక్కుటముగా భూగర్భజలమును తోడుకొనుచున్నది భారతదేశమే. ఒకరి బోరు ఎండగా పొరుగువాడు మరింత లోతునకు త్రవ్వించును, ఇద్దరును అప్పులపాలగుదురు. ఈ దుస్థితిని అరికట్టుటకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2002లో నీరు, భూమి, వృక్షముల పరిరక్షణకై చట్టమునే చేయవలసివచ్చినది. ఒకనాడు ఇంటికొక మనిషి చేసిన పనిని చట్టము ఒంటరిగా చేయజాలదు. అమ్మ మాటలోని సత్యమును మిగిలియే యున్నది. ఇంటింట కొళాయి, చేతచేత ఫోను ఉన్న ఊరిలోను మనసు విప్పి చెప్పుకొనుటకు ఒక మెట్టు దొరకని స్త్రీలు, కొడుకు విదేశమున నుండగా ముఖమును తెరమీద మాత్రమే చూచుకొను తల్లులు తక్కువగా లేరు.

ఇచటనే అసలు విషయము తేలుచున్నది. మంచికాలము సూర్యునివలె తనంత తాను ఉదయించి, తనంత తాను అస్తమించునది కాదు. ఆ బావిలో నిజమైన మంచి ఏది యుండెనో అది ఎవరో చేసిన పని: వేసవిలో తీసిన పూడిక, తోటి ఆడుదాని మాట విన్న ఓర్పు. ఆ బావిలో నిజమైన చెడుగు ఏది యుండెనో అదియు ఎవరో చేసినదే: గట్టుమీద గీచిన గీత. పని ఆగినపుడు మంచి ఆగినది. గీత చెరిపినపుడు చెడు తగ్గినది. రెంటిని ఒకే మూటగా కట్టి "ఆ రోజులు" అని పేరిడుట చేతనే ఒకరు అంతయు కావలెనని ఏడ్చుచున్నారు. మరొకరు అంతయు పోనిమ్మని నవ్వుచున్నారు.

ఈ విచారణ ఈ పత్రిక చదువరుల గుండెకు మరింత దగ్గరిది. పన్నెండవ శతాబ్దపు కల్యాణమును తలచుకొనని వీరశైవగృహము లేదు. అదియు పోయిన మంచికాలమే. హరళయ్య కుమారునకు మధువరసుని కుమార్తెను ఇచ్చి వివాహము చేసినందుకు కల్యాణమున రక్తము చిందెననియు, శరణులు నలుదెసల చెదరిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కాలమును బంగారుకాలమని కీర్తించు కుటుంబము, తన ఊరి బావిగట్టుపై కుండతో నిలిచినవానిని మరచిపోయినచో ఆ కీర్తనమునకు అర్థమేమి? కల్యాణము మంచిదగుటకు కారణము అది గడచిపోయినది కావుట కాదు. అచట గీత చెరుపబడుట. దానిని తలచుకొనుటకు గల అర్హత గీత చెరుపువానిదే.

గతమును ఎట్లు తలచుకొనవలెనో తెలుగువారికి పాల్కురికి సోమనాథుడు చూపెను. కల్యాణమునకు తరువాతి శతాబ్దమువాడైన ఆ కవి పోయిన దినములకు శోకగీతము వ్రాయలేదు. ఆ భక్తుల కథలను సామాన్యజనము నోట నిలుచు ద్విపదలో, వారి తెలుగున బసవపురాణముగా రచించెను. గడచినదానిని రాబోవువారి చేతికి అందించుట ఆయన చేసిన కాయకము. నిట్టూర్పునకు, కాయకమునకు భేదమిదియే: నిట్టూర్పు గతమును తన కొరకు దాచుకొనును, కాయకము దానిని పంచిపెట్టును.

సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట దిగుడుబావి దశాబ్దములకొలది చెత్తతో పూడియుండెను. దానిని శుభ్రపరచి, బాగుచేసి 2022 డిసెంబరులో ప్రజలకు తెరచిరి. నేడు అది త్రాగునీటి బావి కాదు. కాని వాననీటిని నిలుపుచున్నది, వచ్చినవారు కులము చెప్పకయే దానిని దర్శించుచున్నారు. పాతబావి మరల వచ్చినదా యనిన, రాలేదు. పాతబావిలోని మంచి మాత్రము, పాత గీత లేకుండ, మరల వచ్చినది. అంతకంటె కోరదగినది మరేమున్నది?

కావున మంచికాలము ముగియుచున్నదా యని తాత అడిగినపుడు మనుమడు నవ్వనక్కరలేదు. "తాతా, ఆ మంచిలో ఏ పని నిలిచిపోయినది? అది ఎవరికి అందలేదు?" అని మరల అడిగినచో చాలును. తాత మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పును. రెండవ ప్రశ్నకు కొంతసేపు ఆలోచించును. ఆ ఆలోచన తరువాత వారిద్దరును కలిసి చేయు పని ఏదియో, అదియే రాబోవువారు తలచుకొను మంచికాలము.