పిల్లికూనలకు శస్త్రచికిత్స – శ్రావకుని ధర్మసందేహము

ధాన్యపు వ్యాపారము చేయు మన కుటుంబములకు పిల్లిని గూర్చిన ప్రశ్న క్రొత్తది కాదు. గోనె సంచులున్నచోట ఎలుక చేరును. ఎలుక చేరినచోటికి పిల్లి తానై వచ్చును. మనము పిలువలేదు, పెంచలేదు అని చెప్పుకొందుము. కాని అది సంచుల మూల పిల్లలను పెట్టిన నాటినుండి ఆ ప్రశ్న మనది కాక తప్పదు.

మూడేండ్ల క్రిందట బళ్ళారిలో మా అంగడి వెనుక గోదాములో ఒక పిల్లి నాలుగు కూనలను పెట్టెను. వ్యాపారపు తొందరలో నేను పనివానిని పిలిచి, వానిని సంచిలో వేసికొనిపోయి కూరగాయల సంతలో విడిచి రమ్మంటిని. చంపుమనలేదు గనుక నా వ్రతమునకు భంగము లేదని తలచితిని. మరునాటినుండి మూడు దినములు తల్లిపిల్లి గోదామంతయు అరచుచు తిరిగెను. ఆ కూనలేమైనవో నేను పనివానిని అడుగలేదు. అడుగకుండుటయే నా దోషమని తరువాత తెలిసెను. తన పోషణలోని జంతువును ఆకలిదప్పులతో బాధపడు స్థితిలో విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించియు నేరమే.

ఈ యేడు మాఘమాసమున ఆ పిల్లియే మరల పిల్లలను పెట్టి, కొన్నాళ్ళకు ఎటో పోయెను. మిగిలిన రెండు ఆడకూనలను ఇంటికి తెచ్చితిమి. ఆడకూన నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చుననియు, రెండు నెలలు మోసి కనుననియు, ఏటికి రెండు మూడు మారులు పిల్లలను పెట్టగలదనియు పశువైద్యుడు చెప్పెను. గర్భాశయమును, అండాశయములను తీసివేయు శస్త్రచికిత్స చేయింపుమనెను. అప్పుడు నాకు ధర్మసందేహము కలిగెను.

తత్త్వార్థసూత్రము అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములను చెప్పుచున్నది: బంధము, వధము, ఛవిచ్ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. శస్త్రచికిత్సకు కూనను బుట్టలో మూసి కొనిపోవలెను. మత్తులో వాంతి కాకుండుటకై కొన్ని గంటలు ఆహారము ఆపవలెను. పిమ్మట కత్తితో కోయింపవలెను. ఐదింట మూడు నా చేతిమీదుగనే జరుగుచున్నవి! అంతేకాక శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో పశువులకు వాతలు వేయుట, వృషణములు నలుపుట మొదలగు నిర్లాంఛన కర్మ ఒకటి. హింసక జంతువులను లాభమునకై పెంచు అసతీపోషణము మరియొకటి. మేము ఎలుకలను పట్టించుటకై వీనిని పెంచలేదు. అంగడికి పంపక ఇంటనే యుంచితిమి. అయినను మనసు కుదుటపడలేదు.

కొందరు మిత్రులు "ఇది దయయే, పుట్టబోవు జీవులకు బాధ తప్పును, ఇందు పాపము లేదు" అనిరి. నేను ఒప్పుకొనలేకపోతిని. తనకు పిల్లలు వలదని ఆ కూన మనలను కోరలేదు. ఖర్చును జమవైపు వ్రాసినచో లెక్క తేలునా? హింసకు దయ అని పేరు పెట్టుటయు అట్టిదే.

మరి చేయింపకుండుట అహింసయా? అదియు కాదు. చేయింపనిచో మరల సంచి, మరల సంత. మన పెద్దలు పాంజ్రపోలులు స్థాపించి ముసలి పశువులను, కుంటి పశువులను పోషించిరి. కాని ఏటేట పుట్టు పిల్లికూనలన్నిటికి చోటీయగల పాంజ్రపోలు ఎక్కడ నున్నది? శాస్త్రము హింసను విచారించునపుడు ప్రమాదమును, అనగా కషాయములకు లోబడిన అజాగ్రత్తను, ముఖ్యముగా చూచును. సంచి కట్టించి పంపిన నాడు నా చేతికి రక్తమంటలేదు. నా మనసంతయు ప్రమాదమే. శస్త్రచికిత్సలో రక్తము తప్పదు. కాని జాగ్రత్తకు తావున్నది. అది మనయందు కలదో లేదో తరువాతి దినములలో తేలును. ఇట్లు తలపోసి, దోషము దోషమే యని ఒప్పుకొనియే రెండు కూనలకును చేయించితిని.

మత్తు దిగువరకు కూన తూలుచుండును. ఎత్తయిన చోటికి ఎక్కనీయక, సందడి లేని వెచ్చని గదిలో శుభ్రమైన గుడ్డపై పండుకొనబెట్టవలెను. బాగుగా తెలివి వచ్చిన పిమ్మట నీరును, కొంచెముగా ఆహారమును ఈయవలెను. పది మొదలు పదునాలుగు దినములవరకు గెంతనీయరాదు, స్నానము చేయింపరాదు. కుట్లను నాకకుండ మెడచుట్టు గరాటువంటి పట్టీ తొడుగవలెను. దినమునకు రెండు మారులు గాయమును చూడవలెను. ఎఱ్ఱబారి వాచినను, రసి కారినను, మరునాటికిని ఏమియు తినకున్నను వైద్యునియొద్దకు కొనిపోవలెను. మనము జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ బిళ్ళ పిల్లికి ప్రాణాంతకము. వైద్యుడిచ్చిన మందు తప్ప వేరేదియు వేయరాదు. మొదటి రెండు రాత్రులు నా భార్యయు నేనును వంతులవారిగా మేల్కొంటిమి. ఇంతపాటి శ్రద్ధకు సిద్ధపడనివారు ఆ కత్తికిని సిద్ధపడరాదని సోదరులకు నా మనవి.

సంవత్సరి నాడు ప్రతిక్రమణము ముగిసి, ఇంటివారందరును ఒకరికొకరు మిచ్ఛామి దుక్కడం చెప్పుకొనుచుండగా, ఎనిమిదేండ్ల మా మనుమరాలు "పిల్లులకు గూడా చెప్పల్లా, తాతా?" అని అడిగెను. చెప్పవలెనంటిని. పొట్టపై గొరిగిన వెండ్రుకలు ఇంకను పూర్తిగా మొలవని ఆ రెండింటి యెదుట కూర్చుండి ఇద్దరమును చెప్పితిమి. పాప లేచి ఆటకు పోయెను. నేను కొంతసేపు అక్కడనే కూర్చుండి, సంతకు పోయిన ఆ నాలుగింటికిని మనసులో చెప్పుకొంటిని.