ఆనకట్ట నీరు - ఆనందపు ఋణము

ఒకరి నష్టముపై నిలిచిన సుఖమును మరియొకరు అనుభవించుట తప్పగునా? ఏటి ఒడ్డున కాపురమున్న మనకు ఈ ప్రశ్న తప్పించుకొనరానిది. పాలారు ఒడ్డున రాయవేలూరు, కౌండిన్య ఒడ్డున గుడియాత్తము, రెండును ఎండిన ఇసుకను, పొంగిన వరదను ఎరిగిన పట్టణములే. ఈ ప్రశ్నకు తగిన నిదర్శన మొకటి దూరదేశమున నున్నను, మన స్థితికి మిక్కిలి దగ్గరగా తోచుచున్నది.

బ్రిటనులో వేల్సు అను సీమ కలదు. లివర్‌పూలు నగరమునకు నీటిని సమకూర్చుటకై అచటి ట్రవెరిన్ ఏటికి ఆనకట్ట కట్టుటకు 1957లో పార్లమెంటు అనుమతించినది. వేల్సు ప్రతినిధులలో ఒక్కరును అనుకూలముగా వోటు వేయలేదు. అయినను పని సాగి 1965లో ముగిసినది. కాపెల్ కెలిన్ అను పల్లె, దాని బడి, ప్రార్థనామందిరము, తపాలా కచేరి నీటిపాలయినవి. ఆ పల్లెవారు వెల్షు భాష మాటాడువారు. పెద్ద భాష నడుమ చిన్న భాషను కాపాడుకొనుచున్న వారి వేదనను మనకు వేరుగా వివరింప నక్కరలేదు.

ఆ ఆనకట్టకు దిగువను బండల నడుమ ఏరు తెల్లని నురుగులతో ఉరుకు కొద్దిపాటి దూరము కలదు. వేసవిలో తక్కిన ఏళ్లు చిక్కిపోయినను, తూము తెరచిన దినములలో ఇచట నీరు నిండుగా పారును. యువకులు సన్నని దోనెలలో కూర్చుండి, తెడ్డు చేతబట్టి, సుడులను తప్పించుకొనుచు దిగుదురు. 1981లో ప్రపంచ దోనె పందెములు సైతము ఇచటనే జరిగినవి. ఆ నీరు వృథాయు కాదు. డీ నదిలో కలిసి దిగువ పట్టణముల దాహము తీర్చును.

మునిగిన ఊరి నీటిపై ఆటయా యని కొందరందురు. ఆట మానినంత మాత్రమున ఊరు తేలునా యని మరికొందరందురు. రెండును సగము మాటలే. మేము ఏండ్ల తరబడి కచేరిలో చిట్టాలు వ్రాసినవారము. జమ మాత్రమే వ్రాసి ఖర్చును దాచిన లెక్క ఎన్నటికిని సరిపడదు. దోనె నడపువాని సంతోషము దొంగసొత్తు కాదు; ఆ నీటి క్రింద ఒక బడి యున్నదని ఎరుగకుండుటయే దోషము. 2005లో లివర్‌పూలు నగరపాలక సభ క్షమాపణ చెప్పినది. దానివలన ఊరు తేలలేదు గాని, నలువది యేండ్లకు ఖర్చు పద్దు లెక్క కెక్కినది.

ఇక మన ఏటి మాట. కౌండిన్య చిత్తూరు జిల్లా కొండలలో పుట్టి, ఎల్లదాటి, మోర్ధానా ఆనకట్ట కడ నిలిచి, పిదప గుడియాత్తము చేరును. ఎగువను తెలుగు పల్లెలు, దిగువను తమిళ పొలములు, ఈ రెంటి నడుమ మనము. ఎండిన ఏరు పారిననాడు వంతెనపై నిలిచి ఆనందించుట సహజమే. కాని 2021 నవంబరులో మోర్ధానా పొంగి ఏరు ఉరికినప్పుడు, చూపరులకు వేడుకయైన నీరే ఒడ్డునున్న బీదల యిండ్లలో చొరబడినది.

కావున సుఖమును విడువుమని మేము చెప్పము. దానిని ఋణముగా నెంచవలెనని మాత్రమే మా మనవి. తూము తెరచినప్పుడు ఈ నీటికై చోటు విడిచిన వారెవరు, దిగువను వేచియున్న పొలమెవరిది అని పిల్లలచే అడిగింపవలెను. దిగువవాని వంతు చేరిన పిమ్మటనే మన వేడుక. ఏ భాషవాడైనను ఏటి ఒడ్డున పాటింపవలసిన మర్యాద యిదియే.