వేటాడటం పాపమా?



ఇటీవల ఒక ఆదివారం పూజ ముగిశాక మా విచారణ తల్లి ఒకామె గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి, ఫోనులో ఒక ఫొటో చూపించింది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఆమె కుమారుడు నారింజరంగు కోటు తొడుక్కుని, చేత తుపాకి పట్టుకుని, మంచులో పడివున్న జింక పక్కన మోకాళ్లమీద కూర్చున్నాడు. మొహంనిండా నవ్వు. "ఫాదర్, మావాడు పాపం చేశాడంటారా?" అని అడిగింది. నేను జవాబు వెదుక్కునేలోగా మళ్లీ ఆమే అంది: "ఆదివారం మేమూ కోడిని కోయించుకుంటాం గదా, అదీ ఇదీ ఒకటేలే అనుకుందామంటే మనసు ఒప్పుకోవడంలేదు. వాడు నవ్వుతున్నాడు చూడండి."

ఆ తల్లి చంపడం గురించి అడగలేదు, ఆ నవ్వు గురించి అడిగింది. పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్న నేను అక్కడికక్కడే సరైన సమాధానం ఇవ్వలేకపోయాను. "ఇంటికెళ్లి ఆలోచించి చెబుతానమ్మా" అన్నాను. ఆలోచించినది ఈ వారం మీ అందరికీ చెబుతున్నాను.

మనిషి తన ఆహారానికి జంతువులను వాడుకోవడం న్యాయమేనని శ్రీసభ ఎప్పుడూ బోధించింది. జలప్రళయం తరువాత నోవా కుటుంబానికి దేవుడు మాంసాహారాన్ని అనుమతించిన ఘట్టం ఆదికాండము 9వ అధ్యాయంలో ఉంది. తినదగిన జంతువుల పట్టికలో జింక పేరు ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయంలో ఉంది. అయితే 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం, 2418వ పేరాలో, అవసరం లేకుండా జంతువులను బాధపెట్టడం, చంపడం మనిషి గౌరవానికి విరుద్ధమని చెప్పింది. జంతువు గౌరవానికి అనలేదు, మనిషి గౌరవానికి అన్నది. పునీత థామస్ అక్వినాసు వారి ఆలోచన కూడా ఈ దారిలోనే నడిచింది. జంతువు బాధకు జాలిపడే అలవాటున్నవాడు తోటి మనిషి బాధకు మరింత సులువుగా జాలిపడతాడని ఆయన అభిప్రాయం. సెమినరీలో ఈ భాగాన్ని పరీక్షకోసం బట్టీపట్టాను. దానికి అర్థం మాత్రం ఒక ముసలి రైతు దగ్గర, గడ్డకట్టే చలిలో, చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

మన మేత్రాసనాలనుంచి గురువులు అమెరికా వెళ్లి సేవచేయడం మీకు తెలిసిందే. నేనూ 2012 నుంచి 2015 వరకు విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పల్లె విచారణలో ఉన్నాను. అక్కడ నవంబరు చివర, వారు థాంక్స్‌గివింగ్ అని పిలిచే కృతజ్ఞతా పండుగకు ముందు శనివారంనాడు తుపాకితో జింకల వేట మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఒక్క ఆ రాష్ట్రంలోనే ఐదు లక్షలకు పైగా జనం లైసెన్సు తీసుకుని అడవిలోకి వెళతారు. ఒకరినొకరు పొరపాటున కాల్చుకోకుండా కళ్లు చెదిరే నారింజరంగు బట్టలు తొడుక్కోవాలని అప్పట్లో చట్టం ఉండేది. ఆ శనివారం సాయంకాలపు పూజకు సగం గుడి ఆ రంగుతోనే నిండిపోయేది. మొదటి ఏడాది చూసి నేను జడుసుకున్న మాట నిజం.

మనవారు "పాపం, జింకలు" అంటారు. నేనూ అన్నాను. అక్కడివారి లెక్క వేరు. ఒకప్పుడు జింకను తినే తోడేళ్లను మనుషులు దాదాపు తుడిచిపెట్టారు. జింకలు పెరిగి, లేతమొక్కలన్నీ మేసి, అడవి తిరిగి మొలవకుండా చేస్తాయి. చలికాలంలో మేత చాలక ఆకలితో చస్తాయి. రాత్రివేళ కార్లకింద పడతాయి. ఆల్డో లియోపోల్డ్ అనే పెద్దమనిషి, ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడు, యౌవనంలో తానే ఒక తోడేలును కాల్చి తరువాత పశ్చాత్తాపపడినవాడు, ఈ సంగతులన్నీ రాశాడు. ఆయన పుస్తకం 1949లో, ఆయన చనిపోయిన మరుసటి ఏడు వచ్చింది. ఆయన చెప్పిన మరొక మాట నన్ను పట్టుకుంది. ఆటగాడికి చప్పట్లు కొట్టేవారు, ఈలలు వేసేవారు చుట్టూ ఉంటారు. వేటగాడికి అలాంటి ప్రేక్షకులెవరూ లేరు. అతడి తప్పొప్పులు అతడి అంతరాత్మకు తప్ప ఎవరికీ తెలియవు.

2014 నవంబరులో మా విచారణ రైతు ఒకాయన, డెబ్బై దాటినవారు, "ఫాదర్, ఒకరోజు నాతో వచ్చి కూర్చోండి" అని పిలిచారు. తుపాకి ముట్టనని చెప్పి ఒప్పుకున్నాను. (1917 నాటి శ్రీసభ చట్టం 138వ సూత్రంలో గురువులు వేటకు అలవాటు పడరాదని రాసి ఉండేది. 1983 నాటి చట్టంలో ఆ మాట లేదుగాని, నా భయానికి పాత సూత్రం బాగా పనికొచ్చింది.)

ఆయన చేతిలో ఉన్నది తాతగారి తుపాకి. వించెస్టర్ 94 అంటారు. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేయగా 1894లో బజారుకు వచ్చిన రకం. ట్రిగ్గర్ కింద ఉన్న ఇనుప కడియంలో వేళ్లు పెట్టి కిందికి లాగి పైకి నొక్కితే పాత గుల్ల బయటపడి కొత్త తూటా లోపలికి వెళుతుంది. తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. అందుకని మొన సూదిగా ఉన్న తూటా మామూలుగా అందులో వేయరు, వెనకదాని మొన ముందుదాని పేలుడు మందును పొడుస్తుందని. మొన మొద్దుగా ఉన్న తూటా దూరం పోయేకొద్దీ వేగం పోగొట్టుకుని కిందికి జారుతుంది. నూటయాభై గజాలు దాటితే దానిని నమ్మడం కష్టం. దుర్భిణి లేదు. వెనక ఒక నొక్కు, ముందు ఒక పూస, అంతే. "ఇది 1964కు ముందుది ఫాదర్" అన్నారాయన గర్వంగా. ఆ ఏడాది తయారీ పద్ధతి మార్చారని, పాతవాటికే విలువ ఎక్కువని అక్కడివారు చెబుతారు.

ఆయన మనవడి దగ్గర దుర్భిణి బిగించిన కొత్త తుపాకి ఉంది. అతడు అడవికి అవతలి వైపు కూర్చున్నాడు. "అంత దూరంనుంచి చంపితే జింకకు అవకాశమేదీ? నాకు ఇదే న్యాయం" అన్నారు తాతగారు. నాకు ఆ మాట చాలా బాగుంది. ఓర్తేగా ఇ గాసెట్ అనే స్పెయిన్ తత్వవేత్త 1942లో ఒక వేట పుస్తకానికి రాసిన ముందుమాటలో ఇంచుమించు ఇదే వాదించాడు. తప్పించుకునే వీలు జంతువుకు మిగిలితేనే అది వేట, లేకపోతే ఉత్త చంపడమని, అందుకే వేటగాడు తన బలాన్ని తానే తగ్గించుకుంటాడని ఆయన భావం. ఆ ముసలాయనకు తెలియకుండానే ఆయన నోట తత్వశాస్త్రం వస్తున్నదని మురిసిపోయాను.

తెల్లవారకముందే చెట్టును ఆనుకుని కట్టిన మంచె ఎక్కాం. మన జొన్నచేలలో పిట్టలు తోలే మంచె లాంటిదే. తొమ్మిది గంటలవేళ పెద్ద కొమ్ముల జింక ఒకటి చేనుకు అవతల నిలబడింది. రెండువందల గజాలుంటుంది. ఆయన తుపాకి ఎత్తారు, చాలాసేపు చూశారు, దించేశారు. "అందదు" అన్నారు. అంతే. అది వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడు గంటలకు ఆడజింక ఒకటి అరవై గజాల దూరంలోకి వచ్చింది. కాల్చారు. అది ఎగిరిపడి పొదల్లోకి పరుగెత్తింది. నేను దిగబోతుంటే భుజం పట్టి ఆపి గడియారం చూపించారు, అరగంట ఆగాలని. అరగంట తరువాత వెళ్లి చూస్తే మంచుమీద నెత్తురు. ఆయన ముఖం మారిపోయింది. ఊపిరితిత్తులకు తగిలితే నెత్తురు ఎర్రగా, నురగగా ఉంటుందట. ఇది చిక్కగా, నల్లగా ఉంది. "కార్జానికి తగిలింది. వెనక్కి వెళ్లింది గురి. ఇప్పుడు వెంటపడితే బెదిరి మరింత దూరం పోతుంది, మరింత బాధపడుతుంది. ఆగాలి."

రెండు గంటలు ఆగాం. అప్పటికే చీకటి. పాఠకులారా, ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నా కాళ్లు మొద్దుబారాయి. "చీకటిపడింది గదా, ఇక ఏం చేయగలం? పొద్దున చూసుకోవచ్చు" అన్నాను. గుడి ఇంట్లో వెచ్చని గది గుర్తుకొచ్చి అన్న మాటే అది. జింక గుర్తుకొచ్చి కాదు. మంచె దగ్గర ఓర్తేగాను తలచుకుని మురిసిన గురువును నేనే.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు బండిలో కూర్చోండి ఫాదర్" అని, తుపాకిని బండిలో పెట్టేసి, టార్చి తీసుకున్నారు. సిగ్గుపడి నేనూ వెంట నడిచాను. నెత్తురు జాడ కంచె దాటి పొరుగువారి భూమిలోకి పోయింది. అనుమతి లేకుండా అందులో అడుగు పెట్టరాదు. ఆ ఇంటివరకు నడిచి, తలుపు తట్టి, తాను గురి తప్పిన సంగతి చెప్పి, అనుమతి అడిగి వచ్చారు. చుక్క చుక్కగా జాడ వెదుకుతూ, జాడ పోయినచోట టోపీ పెట్టి గుర్తుచేసుకుంటూ, మళ్లీ వెనక్కి వచ్చి వెదుకుతూ, ఎనిమిది గంటలకు ఒక వాగు పక్కన దానిని చూశాం. చచ్చిపోయి ఉంది, ఒళ్లింకా వెచ్చగానే ఉంది. నాకు 42వ కీర్తన జ్ఞాపకం వచ్చింది. నీళ్లకోసం అలమటించే దుప్పిని మనం ఎన్ని పూజలలో పాడుకున్నాం! గాయపడిన జింక నీటివైపు వెళుతుందని ఆయన అప్పుడే చెప్పారు.

అక్కడే కడుపు చీల్చి పేగులు తీశారు. నెత్తురు మంచులోకి ఇంకింది. దానిమీద కాలితో ఆకులు, మంచు కప్పారు. వేటాడినవాడు నెత్తురును నేలమీద ఒలికించి మట్టితో కప్పాలని లేవీయకాండము 17వ అధ్యాయం 13వ వచనంలో ఉన్నది ఆయనకు తెలుసో లేదో అడగలేదు.

ఇంటికి వచ్చాక భోజనాల బల్ల దగ్గర మనవడు, కొడుకు అందరూ ఉన్నారు. "ఎలా జరిగింది?" అని అడిగారు. బాగానే జరిగిందని అంటే సరిపోయేది, నేను నోరు విప్పేవాడిని కాదు. ఆయన అన్నారు: "చెడ్డ దెబ్బ కొట్టాను. ఐదు గంటలు దాని ఉసురు పోసుకున్నాను. పొద్దున కొమ్ములదానిమీద గురిపెట్టినప్పుడే పూస, నొక్కు, జింక మూడూ కలిపి నా కంటికి ఆనలేదు. అరవై గజాలే గదా అని మధ్యాహ్నం నన్ను నేను మోసగించుకున్నాను." కాసేపాగి, "తుపాకి మా తాతదని జింకకు తెలియదు గదా" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. పాత తుపాకి పట్టడం త్యాగమని ఆయనా అనుకున్నారు, నేనూ అనుకున్నాను. దూరపు జింకను వదిలేసినంతవరకు అది త్యాగమే. కంటిచూపు తగ్గాక కూడా అదే పట్టుకుంటే, మన ముచ్చటకు వెల కట్టేది జింక. తప్పించుకునే అవకాశం ఇస్తున్నామని మనం చెప్పుకుంటాం, సగం చచ్చి పరుగెత్తే అవకాశం కూడా అందులోనే ఉంది. ఓర్తేగా వాదన అబద్ధమని అనను. అది వేటగాడి వైపునుంచి మాత్రమే చూసిన వాదన అంటాను. మన రామాయణ కథలో దశరథుడిదీ ఇదే తప్పు. చూడకుండా, చప్పుడును బట్టి కొట్టగలిగే విద్య తనకున్నదని గర్వం. ఆ గర్వానికి ఒక గుడ్డి తల్లిదండ్రుల కొడుకు బలి అయ్యాడు.

వేటగాళ్ల పాలక పునీతుడైన హ్యూబర్ట్ వారి గాథ వినే ఉంటారు. శుభ శుక్రవారంనాడు వేటకు పోతే కొమ్ముల మధ్య సిలువ మెరుస్తున్న జింక కనిపించి మనసు మార్చుకున్నాడంటారు. పూర్వం పునీత యుస్టేషియస్ గురించి చెప్పిన గాథే తరువాత ఈయనకు అంటింది. ఆ జింక బొమ్మ ఇప్పుడు ఒక జర్మను మద్యం సీసామీద ఉందనుకోండి, అది వేరే సంగతి.

ఆ తల్లికి ఏం చెప్పాలి? అమ్మా, జింకను కాల్చినందుకు మీవాడిని నేను పాపి అనను. అక్కడ చట్టం ఒప్పుకుంటుంది, మాంసం తింటారు, అడవికీ మేలే. (ఇక్కడ మనకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఇది చదివి ఎవరూ నల్లమల వైపు బయలుదేరకండి.) అయితే ఫోను చేసినప్పుడు అడుగు: ఎంత దూరంనుంచి కాల్చావు? ఒక్క దెబ్బకే పడిందా? పడకపోతే ఎంతసేపు వెదికావు? ఆ నవ్వు దానిని వెదికి పట్టుకున్న తరువాత వచ్చినదైతే నాకు బెంగ లేదు.

ఆపైన, నీ కోడి ప్రశ్న నాకూ తగులుతుంది. ఆదివారం పూజ కాగానే కోళ్ల దుకాణం ముందు వరుసలో నిలబడతాం. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసిన కోడి కళ్లలోకి నేను ఎన్నడూ చూడలేదు. కిలో ఎంత అని మాత్రం అడుగుతాను. అది ఎంతసేపు విలవిలలాడిందో వెదికి తెలుసుకునే పని నాకు ఎవరూ పెట్టలేదు, నేనూ పెట్టుకోలేదు. మొన్నటి వారం మొదటిసారి దుకాణం అబ్బాయిని, "కాళ్లు కట్టి వేలాడదీయకుండా కోయలేవా బాబూ?" అని అడిగాను. వెనకున్నవాళ్లు నవ్వారు. ఆ అబ్బాయి నవ్వలేదు, "చూస్తాను ఫాదర్" అన్నాడు.

2015 క్రిస్మసుకు ఆ రైతు దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి నేను మన దేశానికి తిరిగివచ్చేశాను. తాతగారి తుపాకికి నూనెరాసి గోడకు తగిలించారట. మనవడి దగ్గర దుర్భిణి తుపాకి అరువు తెచ్చుకుని వెళితే స్నేహితులు ఎగతాళి చేశారట. ఆ ఏడు జింక దొరకలేదని, చలి మాత్రం కావలసినంత దొరికిందని రాశారు.